హెచ్‌వన్‌బీ వీసాపై ఉన్నవారు విస్కాన్సిన్‌లో తెల్లతోక జింకల వేటకు వెళ్లవచ్చా? ఆ మాంసం తినవచ్చా?

ప్రశ్న: మ్యాడిసన్ నివాసి

మిత్రులకు నమస్కారం. నేను మూడేళ్లుగా విస్కాన్సిన్ రాజధాని మ్యాడిసన్‌లో హెచ్‌వన్‌బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే స్థానికుడు ఒకాయన, ఏటా నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందరి శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగే తుపాకీ వేటకు తండ్రితోనూ అన్నదమ్ములతోనూ కలిసి ఉత్తరాన అడవిలో ఉన్న తమ పాత చెక్క ఇంటికి వెళ్తాడు. ఆ వారం మా విభాగంలో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి, మీటింగు పెట్టమని మేనేజరు కూడా అడగడు. ఈసారి ఆయన నన్ను కూడా రమ్మన్నాడు, తన దగ్గర అదనంగా ఒక రైఫిల్ ఉందని, దాన్నే నాకు ఇస్తానని కూడా అన్నాడు.

మాది నల్లమల అంచున ఉన్న ఊరు. చిన్నప్పుడు కంది చేల మీద దుప్పులు పడితే మా తాత రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టి తోలేవాడు గానీ, వాటి జోలికి పోతే అటవీశాఖవారు పట్టుకుపోతారన్న భయం ఊరందరికీ ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పేరు తెలియనివాడికి కూడా ఆ భయం తెలుసు. అలాంటి చోట పెరిగిన నాకు, ఇక్కడ పెట్రోలు బంకులోనూ సరుకుల దుకాణంలోనూ వేట లైసెన్సులు అమ్మడం ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

వీసాపై ఉన్నవాడు తుపాకీ చేతపట్టడం చట్టబద్ధమేనా అన్నది నా మొదటి సందేహం. మా కౌంటీ జింకల్లో ఏదో జబ్బు ఉందని, ఆ మాంసం తినకూడదని మా ఇంట్లో భయపడుతున్నారు, అందులో నిజమెంత అన్నది రెండోది. ఇక మూడోది సందేహం కాదు, సంకోచం: ఆకలి తీరడానికి కాకుండా, అందరూ వెళ్తున్నారు కదా అని ఒక మూగజీవాన్ని కాల్చడం సబబేనా? అనుభవం ఉన్నవారు దాపరికం లేకుండా చెప్పగలరు.

సమాధానం 1: ఉత్తరాది పైన్‌చెట్టు

నమస్కారమండీ. నేను ఈ రాష్ట్రంలో పదిహేను సీజన్లుగా వేటాడుతున్నాను. ముందు తుపాకీ సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా విషయాల్లో తప్పు జరిగితే జరిమానాతో పోవచ్చు, ఈ విషయంలో జరిగితే వీసా పోతుంది.

మీలాగా తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. అయితే అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి అసలు ఈ గొడవే లేదు. మీకు మాత్రం లైసెన్సు ముందు, తుపాకీ తర్వాత. "కలిగి ఉండటం" అంటే కొనుక్కోవడం ఒక్కటే కాదు, స్నేహితుడి రైఫిల్‌ను గురి చూసుకోవడానికి చేతిలోకి తీసుకున్నా అదే లెక్కలోకి రావచ్చు. విస్కాన్సిన్ వార్షిక లైసెన్సు మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి, ఏప్రిల్ ఒకటో తేదీన మీ ఇంటి అలమారాలో రైఫిల్ ఉండి, జేబులో కొత్త లైసెన్సు లేకపోతే, మీరు నేరం చేస్తున్నట్టే. నేను వకీలును కాను. మీ వీసా వ్యవహారాలు చూసే న్యాయవాదిని ఒకసారి అడిగి, ఆయన మాట రాతపూర్వకంగా తీసుకోండి.

లైసెన్సు కావాలంటే, 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కోర్సు పూర్తిచేసి ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. తుపాకీ ముట్టకుండానే సర్టిఫికెట్ వస్తుంది గనుక మీ వంటివారికి అదే క్షేమం. కోర్సు చేయకుండా, అనుభవజ్ఞుడి చెంతనే ఉండి వేటాడే పద్ధతి కూడా ఒకటి ఉంది గానీ, దానికీ లైసెన్సు తప్పదు, మీరు ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉండాలి.

తుపాకీ ఊసే వద్దనుకుంటే విల్లు ఉంది. చట్టం దృష్టిలో విల్లు తుపాకీ కాదు. విల్లు సీజను సెప్టెంబరు మధ్యలోనే మొదలవుతుంది, చలి ఎముకలు కొరకదు, అడవిలో జనసంచారమూ తక్కువ. తుపాకీ సీజనుకైతే అయిదు లక్షల పైచిలుకు లైసెన్సులు అమ్ముడవుతాయి, అంటే చిన్నపాటి సైన్యం అడవిలో దిగినట్టే. అందుకే ఆ తొమ్మిది రోజులూ నడుము పైన తొడుక్కునే దుస్తుల్లో కనీసం సగం మెరిసే నారింజ రంగులో ఉండాలన్న నియమం పెట్టారు. 2016 నుంచి మెరిసే గులాబీ రంగునూ అనుమతించారు. అంత కొట్టొచ్చే రంగు జింకకు కనబడదా అని మీకు అనుమానం రావచ్చు. జింక కంటికి ఎరుపును పోల్చుకునే శక్తి లేదు, నారింజ దానికి మసక రంగుగానే తోస్తుంది. నీలాన్ని మాత్రం మనకంటే బాగా పట్టుకుంటుంది కాబట్టి జీన్స్ ప్యాంటు ఇంట్లోనే వదిలి వెళ్లండి.

మీ తాతగారి మంచె ఇక్కడా ఉంటుంది, కాకపోతే చెట్టుకు కట్టిన ఇనుప మంచె. వేటగాళ్లు గాయపడేది తూటా కంటే ఎక్కువగా ఆ మంచె మీది నుంచి పడే. నిచ్చెన మొదటి మెట్టు ఎక్కేటప్పుడే ఒంటికి పట్టీ బిగించుకోండి. తుపాకీని భుజాన వేసుకుని ఎక్కకండి, తూటాలు తీసేసి, పైకి చేరాక తాడుతో లాక్కోండి.

సమాధానం 2: పశువుల డాక్టరు

మాంసం విషయం నేను చెబుతాను. పశువైద్యం చదివి, ప్రస్తుతం మిన్నెసోటాలో పనిచేస్తున్నాను.

మీ ఇంట్లోవారు భయపడుతున్న జబ్బు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింక క్రమంగా చిక్కి శల్యమై చచ్చిపోతుంది గనుక ఆ పేరు. దీన్ని మొదట 1967లో కొలరాడోలో, పరిశోధన కోసం పెంచుతున్న మ్యూల్ జింకల్లో గమనించారు. ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది, అదీ మీ డేన్ కౌంటీలోనే, మౌంట్ హోరెబ్ పరిసరాల్లో కాల్చిన జింకల్లో. ఆ ప్రాంతంలో జింకల సంఖ్యను బాగా తగ్గించి జబ్బును తుడిచిపెట్టాలని రాష్ట్రం కొన్నేళ్లు ప్రయత్నించింది గానీ సాగలేదు. నైరుతి కౌంటీల్లో కొన్నిచోట్ల, పెద్ద వయసు పోతుల్లో మూడింట ఒకదానికి పైగా ఈ జబ్బు కనబడుతోంది. ఆడవాటిలో అంతకంటే తక్కువ.

దీనికి మూలం సూక్ష్మక్రిమి కాదు, ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రొటీను. మ్యాడ్ కౌ జబ్బుకు కారణమైన జాతే ఇదీ. బ్యాక్టీరియా అయితే ప్రెషర్ కుక్కరులో నాలుగు కూతలు పెట్టేసరికి చచ్చిపోయేది. ప్రియాన్‌కు ఆ వేడి ఒక లెక్క కాదు, నేలలో పడితే ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. "మనం బాగా ఉడికించి తింటాం కదా, మనకేం కాదు" అనే మాట మనవాళ్ల నోట చాలాసార్లు విన్నాను, అది ఇక్కడ పనికిరాదు. ఇంతవరకు మనుషులకు ఇది సోకినట్టు ఒక్క కేసూ నిర్ధారణ కాలేదు. అయినా, జబ్బున్న ప్రాంతాల్లో వేటాడిన జింకకు పరీక్ష చేయించాలని, జబ్బున్నట్టు తేలితే ఆ మాంసం తినవద్దని ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, చెబుతోంది.

చూడ్డానికి బలంగా ఉంది గనుక జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు. సోకిన జింక ఏడాదికి పైగా ఏ లక్షణమూ లేకుండా తిరగగలదు, చిక్కిపోయి తూలుతూ నడిచేది చివరి దశలోనే. అందుకే పరీక్ష తప్పనిసరి అనుకోండి. రాష్ట్ర సహజ వనరుల శాఖ దీన్ని ఉచితంగా చేస్తుంది. తలను నాలుగైదు అంగుళాల మెడతో సహా కోసి, శాఖవారు పెట్టిన పెట్టెలో వివరాల చీటీతోపాటు వేసి రావాలి. గొంతు దగ్గరి లింఫ్ గ్రంథులను పరీక్షించి, సుమారు రెండు వారాల్లో ఫలితం చెబుతారు. ఈలోగా మాంసాన్ని డీప్ ఫ్రీజరులో పెట్టి, ప్రతి పొట్లం మీదా అది ఏ జింకదో రాసుకోండి.

కోత దగ్గర కూడా కొంత జాగ్రత్త ఉంది. చేతికి తొడుగులు వేసుకోండి, వెన్నుపామును, మెదడును ముట్టకండి, వెన్నెముకను రంపంతో కోయకుండా మాంసాన్ని ఎముక నుంచి ఒలిచి తీయండి. బయట మాంసం కొట్టేవాడికి ఇస్తే, మీ జింకను ఇంకొకరి జింకతో కలపకుండా విడిగా కొట్టమని ముందే చెప్పాలి, లేకపోతే మీరు చేయించిన పరీక్షకు అర్థం ఉండదు. మిగిలిన ఎముకలను, పేగులను ఇంటి వెనక పారేయకుండా చెత్త డంపుకు చేర్చండి.

వంట గురించి మీరు అడగలేదు గానీ, ఒక్క మాట. జింక కొవ్వు మేక కొవ్వులాంటిది కాదు, మైనంలా అంగిలికి అంటుకుంటుంది, మొదటిసారి తిన్నవాళ్లు "ఏదో వాసన" అని మొహం చిట్లించేది దానివల్లే. కొవ్వును, కండ మీది తెల్లటి పొరను పూర్తిగా గీసి తీసేశాక మిగిలే ఎర్రటి కండ, మిరియాలు, వెల్లుల్లి దట్టించి వేపుడు చేస్తే, లేత మేకమాంసానికి తీసిపోదు.

మ్యాడిసన్ నివాసి

పైన్‌చెట్టు గారికి, డాక్టరు గారికి కృతజ్ఞతలు. లైసెన్సు లేకుండా స్నేహితుడి రైఫిల్‌ను చేతపట్టడమే తప్పు కావచ్చన్నది నాకు తట్టనే లేదు. పోయిన వారమే ఆయన నన్ను గురి చూసుకోవడానికి రమ్మంటే, పనుండి వెళ్లలేదు. నా మూడో సందేహానికి ఎవరైనా జవాబిస్తే సంతోషిస్తాను.

సమాధానం 3: హిల్ కంట్రీ

టెక్సాస్ నుంచి రాస్తున్నాను. మా రాష్ట్రంలో తెల్లతోక జింకలు యాభై లక్షలకు పైగా ఉంటాయి, ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అవిగాక మన చుక్కల దుప్పి, మన కృష్ణజింక, మన మనుబోతు ఇక్కడ కంచెల వెనక తిరుగుతుంటాయి. దుప్పులను 1930లలో తెచ్చి వదిలారు, ఇప్పుడవి అడవిలో సొంతంగా బతుకుతున్నాయి. తెల్లతోక జింకకు సీజను ఉంది, ఒక్కో జింకకు ఒక్కటి చొప్పున అనుమతి చీటీ ఉంది. బయటి దేశాల నుంచి వచ్చినవి గనుక దుప్పికీ కృష్ణజింకకూ సీజను లేదు, లైసెన్సు, స్థలం యజమాని అనుమతి ఉంటే ఏడాదిలో ఏ రోజైనా కాల్చవచ్చు. తెలంగాణకు రాష్ట్ర జంతువు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు ఇంకొకటి, ఇక్కడ డబ్బు కడితే ఎవడైనా కాల్చుకునే సరుకు. ఒక స్నేహితుడితో వెళ్లి, తుపాకీ గురిలోంచి కృష్ణజింకను చూసి, కాల్చలేక దించేసి వచ్చాను. తెల్లతోక జింకను కాల్చడానికి నాకు ఆ అభ్యంతరం కలగలేదు. ఇందులో తర్కం ఏమీ లేదని నాకూ తెలుసు. మీ సంకోచం ఎక్కడి నుంచి వస్తోందో మీరూ ఒకసారి చూసుకోండి, అది జీవహింస మీదిది కాకుండా ఊరి జ్ఞాపకం మీదిది అయి ఉండవచ్చు.

సమాధానం 4: బరాబూ రైతు పొరుగు

నేను వేటాడను, మాంసం తినను. అయినా ఈ వేటను ఆపాలని కోరను, కారణం చెబుతాను.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి ఈ దేశంలో తెల్లతోక జింకలు సుమారు అయిదు లక్షలకు, కొందరి లెక్కలో ఇంకా తక్కువకు, పడిపోయాయి. తోళ్ల కోసం, పట్నాల్లో మాంసం అమ్మకం కోసం అదుపు లేకుండా చంపడమే కారణం. ఆ అమ్మకాన్ని అరికట్టడంలో 1900 నాటి లేసీ చట్టం మొదటి అడుగు. ఈనాటికీ వేటాడిన జింక మాంసాన్ని అమ్మకూడదు, తినాలి, పంచాలి, లేదా ఆకలిగొన్నవారికి దానం చేయాలి. హోటల్లో పెట్టే జింక మాంసం పెంపకపు జింకలది. తర్వాత 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం రైఫిళ్ల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్నును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు మళ్లించింది. జింకలు ఇప్పుడు దాదాపు మూడు కోట్లు. మన దేశంలో వేటను నిషేధించి జంతువును కాపాడుకున్నాం, వీళ్లు అమ్మకాన్ని నిషేధించి, వేటను లెక్కలోకి తెచ్చి కాపాడుకున్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. తోడేళ్లు, కొండసింహాలు అప్పటికే చాలా రాష్ట్రాల్లో మాయమయ్యాయి. ఆడజింక సాధారణంగా కవలలను ఈనుతుంది. తినేవాడు లేని మందకు మేత చాలదు. మా ఇంటి వెనక అడవిలో మూడు రేకుల ట్రిలియం పూలు కంచె వేసిన చోటే బతికాయి. కంచె అవతల మోకాలి ఎత్తు మొక్క కూడా మిగలదు. ఉత్తరాన తెల్ల సీడర్ మొలకలదీ ఇదే కథ. దేశం మొత్తం మీద ఏటా పది లక్షలకు పైగా కార్లు జింకలను గుద్దుతున్నాయి, ఆ ప్రమాదాలు అన్నిటికంటే ఎక్కువగా జరిగేది వాటి ఎదకాలమైన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యనే.

ఈ మాట విస్కాన్సిన్ ప్రజలకు మొదట చెప్పినవారిలో పర్యావరణవేత్త, రచయిత ఆల్డో లియోపోల్డ్ ఒకరు. మా ఊరికి దగ్గర్లోనే, నది ఒడ్డున, పాడుబడిన కోళ్ల కొట్టాన్ని బాగుచేసుకుని సెలవు దినాలు గడిపేవాడు. ఆకలితో మాడి చచ్చే మందలో కొన్ని ఆడజింకలను కూడా తీసెయ్యాలని ఆయన వాదించాడు, 1943లో రాష్ట్రం అందుకు ఒప్పుకుంది, ఆ ఒక్క సీజనులో లక్షకు పైగా జింకలు పడ్డాయి, జనం ఆయన్ను తిట్టిపోశారు. పోతును కాల్చడం మగతనమనీ ఆడదాన్ని కాల్చడం పాపమనీ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. లెక్క ప్రకారం చూస్తే మందను అదుపులో పెట్టేది ఆడజింక చీటీయే, గోడకు తగిలించే కొమ్ములు కావు.

అయితే, "జింకలు ఎక్కువయ్యాయి గనుక నేను కాల్చాలి" అన్నది మీకు సాకు కాకూడదు. మీరు వెళ్లకపోయినా ఆ చీటీ ఇంకొకరు కొంటారు. మీకు వెళ్లాలని ఉంటేనే వెళ్లండి.

మ్యాడిసన్ నివాసి

మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఈ ఏడాది కోర్సు పూర్తిచేసి, తుపాకీ పట్టకుండా, మా స్నేహితుడి పక్కన మంచె మీద ఊరికే కూర్చుని చూసి రావాలనుకుంటున్నాను. అలా వెళ్లేవాడు తెలుసుకోవాల్సినది ఏమైనా ఉందా?

ఉత్తరాది పైన్‌చెట్టు

మంచి ఆలోచన. ఉత్త చేతులతో వెళ్లినా నారింజ చొక్కా, టోపీ వేసుకోండి, తప్పనిసరా కాదా అని చట్టం వెతుక్కోవద్దు. ఇంకొక మెలిక: పొదల్లో నడుస్తూ జింకలను ఇంకొకరి వైపు తోలడం కూడా వేట కిందికే వస్తుంది, దానికీ లైసెన్సు కావాలి. కాబట్టి ఎవరైనా "ఆ చివరి నుంచి నడుచుకుంటూ రా" అంటే, రానని చెప్పండి.

సూర్యోదయానికి అరగంట ముందే కాల్చే సమయం మొదలవుతుంది గనుక చీకట్లోనే మంచె ఎక్కాల్సి ఉంటుంది. మొదటి గంటలో ప్రతి ఉడతా ఎండుటాకుల మీద జింకలాగే నడుస్తుంది. అసలు జింక వచ్చినప్పుడు చప్పుడు వినబడదు, ఇందాక లేని చోట ఒక చెవి కదులుతుంది. గాలి మీ మీది నుంచి దాని వైపు వీస్తే, మిమ్మల్ని చూడకుండానే ముందుకాలితో నేలను ఒకసారి తాటించి, తోక ఎత్తి, తెల్లటి అడుగుభాగం జెండాలా ఊపుకుంటూ పోతుంది.

మీ స్నేహితుడు కాల్చాక ఏం చేస్తాడో మాత్రం దగ్గరుండి చూడండి. నా రెండో సీజనులో ఒక పోతును కాల్చి, అది కిందపడకుండా పరుగెత్తడం చూసి, ఆత్రం పట్టలేక వెంటనే మంచె దిగి వెంటపడ్డాను. నురగతో గులాబీ రంగు రక్తం అయితే తూటా ఊపిరితిత్తులకు తగిలినట్టు, అరగంట ఆగితే వంద గజాల్లో దొరుకుతుంది. ఆకుల మీద నేను చూసింది ముదురు రంగు రక్తం, దాంట్లో పచ్చగా నలిగిన మేత. పొట్టకు తగిలిందన్నమాట. అప్పుడు గంటల తరబడి ఆగాలి, ఆగితే అది దగ్గర్లోనే పడుకుని అక్కడే చనిపోతుంది. నేను తరమడంతో లేచి, పక్క పొలంలోకి వెళ్లిపోయింది. అది ప్రైవేటు స్థలం, గాయపడిన జింక కోసమైనా అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. ఆ ఆసామిని వెతికి పట్టుకుని అడిగేసరికి మంచు కురిసి జాడ మూసుకుపోయింది. మర్నాడు సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు. జింకను పడగొట్టిన వేటగాడు మర్నాడు సాయంత్రం అయిదు లోపల దాన్ని రాష్ట్ర లెక్కలో నమోదు చేయాలి. నాకు నమోదు చేయడానికి జింకే లేదు. మిగిలిన ఆ సీజనంతా చీటీని జేబులోనే ఉంచుకున్నాను, మళ్లీ కాల్చలేదు.

మీ స్నేహితుణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: కాల్చకుండా వదిలేసిన జింకల గురించి చెప్పమనండి. చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉంటే, ఆ పక్కన ధైర్యంగా కూర్చోండి. చలికి చెప్పులోపల రెండు జతల ఉన్ని మేజోళ్లు వేసుకుంటే పాదం ఇరుకై ఇంకా గడ్డకడుతుంది, ఒక్క జత, కాస్త వదులు బూటు చాలు. ఫ్లాస్కులో టీ తీసుకెళ్లండి గానీ, మూత తిప్పే చప్పుడు చేయకండి.